జకార్తా కుర్రకారు సంగతి చెప్పండి, జనవరిలో వెళ్తున్నా

కాకినాడ_కెరటం
అందరికీ నమస్కారం. కంపెనీ నన్ను ఏడాదిన్నర పాటు జకార్తా పంపిస్తోంది. జనవరిలో ప్రయాణం. అక్కడ నా టీమ్‌లో పదకొండు మంది, అందరూ 23 నుంచి 28 ఏళ్ల లోపు వాళ్లే. నెట్‌లో వెతికితే బాలి బీచ్‌లు, వీసా రేట్లు తప్ప ఏమీ దొరకడం లేదు. ఉద్యోగం చేసుకునే మామూలు కుర్రాళ్లు సాయంత్రాలు ఏం చేస్తారు, ఏం తింటారు, దేని గురించి వాదించుకుంటారు? అది కావాలి నాకు.

ఎందుకు అడుగుతున్నానంటే, మొన్న నా పరువు పోయింది. టీమ్‌లో ఒకమ్మాయి శుక్రవారం లీవు పెట్టి గ్రూపులో "హీలింగ్‌కి బాండుంగ్ వెళ్తున్నా" అని రాసింది. పాపం ఏదో ఆపరేషన్ అనుకుని, త్వరగా కోలుకోవాలని, మందులు టైమ్‌కి వేసుకోమని పేద్ద మెసేజ్ పెట్టాను. కాసేపు గ్రూపంతా నిశ్శబ్దం. ఆ తర్వాత పదకొండు మందీ నవ్వుల బొమ్మలు. సోమవారం ఆవిడ టీ తోటల్లో దిగిన ఫొటోలు చూపించింది.

వరంగల్_పిల్లాడు
మందులు టైమ్‌కి వేసుకోమన్నావా అన్నా 😂 ఇంకేం, వెళ్లకముందే ఫేమస్ అయిపోయినవ్.

జకార్తా_పక్షి
కెరటం గారూ, నేను ఇక్కడికొచ్చి ఆరేళ్లయింది. ఆ తప్పు అందరం చేశాం. ఇక్కడ హీలింగ్ అంటే రెండు రోజులు ఊరొదిలి పోవడం, అంతే. జకార్తా నుంచి బాండుంగ్‌కి హూష్ అనే బుల్లెట్ రైలు 2023 అక్టోబరులో మొదలయ్యాక బాండుంగ్ హీలింగ్ మరీ తేలికైంది. ఇంకో నాలుగు మాటలు నేర్చుకుని రండి. "మాగెర్" అంటే కదలబుద్ధి కాకపోవడం. "గాబుత్" అంటే పనీపాటా లేక బోర్ కొట్టడం. "బాపెర్" అంటే ప్రతిదీ మనసుకి తీసుకోవడం. సగం మాటలు రెండేసి పదాలను విరిచి అతికించినవే. కొన్ని మాటల్ని తిరగేస్తారు కూడా. "పద వెళ్దాం" అనే "యుక్"ని తిప్పి "కుయ్" అంటారు.

అన్నిటికంటే ముఖ్యమైన మాట "నోంగ్‌క్రోంగ్". అసలు అర్థం గొంతుక్కూర్చోవడం. వాడుకలో అర్థం నలుగురు ఒకచోట చేరి గంటల తరబడి ఊరికే కూర్చోవడం. ఎజెండా ఉండదు. మన ఊళ్లో అరుగు మీద కూర్చున్నట్టు. "ఇవాళ నోంగ్‌క్రోంగ్ ఉంది, వస్తావా" అని అడిగితే "దేని గురించి" అని మాత్రం అడగకండి. మొదటి నెలలో నేను అడిగాను, వాళ్లకి ప్రశ్నే అర్థం కాలేదు.

పాత_పుస్తకం
పక్షి గారు చెప్పిన బాపెర్‌లో ఒక తమాషా ఉంది. అది "బావా పెరసాఅన్"కి పొట్టి రూపం. పెరసాఅన్ అంటే మనోభావం, దాని మధ్యలో దాక్కున్నది మన "రస"మే. వాళ్ల భాషలో సంస్కృతం ఇలా మారువేషాల్లో తిరుగుతుంటుంది. "చింతా" అంటే వాళ్లకి ప్రేమ. మనకి దిగులు. రెండూ ఒకటే అని పెద్దలెవరో ముందే కనిపెట్టినట్టున్నారు. ప్రేమలో పడి అవతలివాళ్లు ఏం చెబితే అది చేసేవాణ్ని అక్కడి పిల్లలు "బుచిన్" అంటారు, అంటే "బుదక్ చింతా", ప్రేమదాసుడు. "గెంబిరా" అంటే సంతోషం, పుట్టింది మన గంభీరంలోంచి. "సుఆమి" అంటే భర్త, స్వామి. "దోసా" అంటే పాపం. కాబట్టి పొద్దున్నే రెండు దోసలు తిన్నానని వాళ్లకి చెప్పకండి.

వరంగల్_పిల్లాడు
నేను రోజూ నాలుగు పాపాలు చేస్తున్న, చట్నీతోని.

బెజవాడ_బాబాయ్
బాగానే ఉంది గానీ, ఇదంతా ఎక్కడైనా ఉన్నదేగా. పోయినేడు బాలి వెళ్లాం. ఏ కాఫీ షాపులో చూసినా పిల్లలే. చేతిలో ఫోను, ముందు రెండొందల రూపాయల కాఫీ. వీళ్లు ఎప్పుడు దాచుకుంటారు, ఎప్పుడు ఇల్లు కట్టుకుంటారు? మన పిల్లలూ అంతే అనుకోండి.

జకార్తా_పక్షి
బాబాయ్ గారూ, మీరు చూసింది టూరిస్టుల బాలి. ఇక్కడి కాఫీ లెక్క చెబుతాను, ఓపిగ్గా చదవండి.

2025లో జకార్తాలో కనీస వేతనం నెలకి దాదాపు 54 లక్షల రుపియా. మన డబ్బులో 28 వేలు చిల్లర. యోగ్యకర్తాలో అయితే అందులో సగం. ఉద్యోగానికి కొత్తగా చేరిన వాళ్లలో చాలామందికి వచ్చేది ఆ చుట్టుపక్కలే. ఉండేది "కోస్"లో, అంటే ఒక మంచం, ఒక బీరువా పట్టే అద్దె గది. ఆ గదిలో స్నేహితుల్ని ఎక్కడ కూర్చోబెడతారు? చాలా కోస్‌లలో అబ్బాయి గదికి అమ్మాయి రాకూడదు, రాత్రి పదికి గేటు వేసేస్తారు. అమ్మానాన్నల దగ్గర ఉండేవాళ్లకి ఇంట్లో ఏకాంతం ఉండదు. మరి కూర్చునేదెక్కడ? పార్కులు తక్కువ. పేవ్‌మెంట్ మీద నడవడమే కష్టం. అందుకే కాఫీ కొట్టు. వాళ్లు కొనేది కాఫీ కాదు, నాలుగు గంటలకి ఒక కుర్చీ.

2015లో దక్షిణ జకార్తాలోని చిపెతెలో తుకు అనే చిన్న కొట్టు పాలకాఫీలో అరెన్ బెల్లం కలిపి అమ్మడం మొదలుపెట్టింది. అరెన్ చెట్టు మన తాడిచెట్టుకి చుట్టం. దాని కల్లుతో కాచిన బెల్లం కాబట్టి మనకి ఆ రుచి కొత్తగా ఉండదు. 2017లో కోపి కెనంగన్ వచ్చింది, ఆ తర్వాత సందుసందునా అదే కాఫీ. గ్లాసు మన వంద రూపాయల చుట్టూ ఉంటుంది. అది కూడా ఎక్కువ అనుకునేవాడికి "స్టార్లింగ్" ఉన్నాడు. సైకిల్‌కి ఫ్లాస్కు, కాఫీ పొడి ప్యాకెట్ల దండలు కట్టుకుని తిరిగేవాడు. "స్టార్‌బక్స్ కెలిలింగ్" అన్నదానికి పొట్టి పేరు, కెలిలింగ్ అంటే చుట్టూ తిరగడం. అయిదు వేల రుపియాకి, అంటే పాతిక ముప్పై రూపాయలకి, ఫుట్‌పాత్ మీద ఐసు కాఫీ. మా ఆఫీసులో ఇంగ్లీషు కలిపి మాట్లాడే దక్షిణ జకార్తా పిల్లలు కూడా నెలాఖరుకి అక్కడికే దిగుతారు.

కాఫీ మానేస్తే ఇల్లు వస్తుందా బాబాయ్ గారూ? లెక్క కట్టి చూడండి.

బెజవాడ_బాబాయ్
సరే అమ్మా, కుర్చీ సంగతి ఒప్పుకున్నా. మేమూ కాలేజీ రోజుల్లో ఒక్క టీ చెప్పి ముగ్గురం పంచుకుని గంటన్నర కూర్చునేవాళ్లం. హోటల్ ఆయన వచ్చి బల్ల తుడిచీ తుడిచీ వెళ్లేవాడు.

జోగ్జా_జ్ఞాపకాలు
జకార్తా ఒక్కటే ఇండోనేషియా కాదు. దర్మసిస్వా స్కాలర్‌షిప్ మీద యోగ్యకర్తాలో ఒక ఏడాది ఉన్నాను. జనం దాన్ని జోగ్జా అంటారు. ఊరంతా విద్యార్థులే. అక్కడ నోంగ్‌క్రోంగ్‌కి ఏసీ అక్కర్లేదు. "అంగ్‌క్రింగన్" అని తోపుడుబండి ఉంటుంది. దాని మీద అరటాకు పొట్లాలు, గుప్పెడు అన్నం, కాస్త సాంబల్, అంటే మిరపకాయల పచ్చడి. దాని పేరు "నాసి కుచింగ్", పిల్లి అన్నం. పిల్లికి పెట్టేంతే ఉంటుందని. నాలుగు పొట్లాలు తింటే గానీ మన కడుపు నిండదు. తుగు స్టేషన్ పక్కన కాఫీ గ్లాసులో ఎర్రగా కాలిన బొగ్గు వేసిస్తారు, "జొస్స్" అని చప్పుడొస్తుంది, కాఫీకి పేరూ అదే. ఇక "వర్మిందో" అంటే రాత్రంతా తెరిచుండే ఇండోమీ నూడుల్స్ కొట్టు. నడిపేవాళ్లలో చాలామంది పశ్చిమ జావాలోని కునింగన్ నుంచి వచ్చినవాళ్లు. పరీక్షల ముందు నా రూమ్మేట్లు పుస్తకాలు అక్కడే పెట్టుకునేవారు.

ఇంకో సంగతి. పాప్, కొరియన్ అంటూ ఊగిపోయే పిల్లలు 2019లో ఉన్నట్టుండి దిది కెంపోత్ అనే యాభై దాటిన జావా జానపద గాయకుడి వెంట పడ్డారు. ఆయన ముప్పై ఏళ్లుగా జావనీస్‌లో విరహగీతాలు పాడుతూనే ఉన్నాడు. పిల్లలు తమని తాము "సోబత్ అంబ్యార్" అని పిలుచుకున్నారు. అంబ్యార్ అంటే ముక్కలు ముక్కలుగా చెదిరిపోవడం. సభల్లో కుర్రాళ్లు ఏడుస్తూ చిందులేసేవారు. ఏడుపు, చిందు రెండూ ఒకేసారి, అబద్ధం కాదు. 2020 మే 5న ఆయన పోయాడు. కరోనా లాక్‌డౌన్, ఎవరూ బయటికి రావడానికి లేదు. ఆ రోజు నా జోగ్జా స్నేహితుల స్టేటస్‌లన్నీ నల్లగా ఉన్నాయి.

గుంటూరు_ఆర్మీ
కొరియన్ అని తీసిపారేయొద్దు 😤 2021 జూన్‌లో జకార్తా మెక్‌డొనాల్డ్స్‌లో కొరియన్ బ్యాండ్ బీటీఎస్ పేరుతో బీటీఎస్ మీల్ వచ్చిన రోజు డెలివరీ బాయ్స్ ఎంతమంది గుమిగూడారంటే, కరోనా రూల్స్ అని కొన్ని మెక్‌డొనాల్డ్స్ బ్రాంచీలు మూయించేశారు. తర్వాత అక్కడి ఆర్మీ వాళ్లే, అంటే బీటీఎస్ అభిమానులే, ఆ డెలివరీ వాళ్ల కోసం చందాలు పోగుచేశారు.

కాకినాడ_కెరటం
బాబోయ్, ఇన్ని సంగతులా. అందరికీ థ్యాంక్స్. ఒక ప్రశ్న: బట్టలు? వీడియో కాల్‌లో ఒకతను పాత జపనీస్ జాకెట్ వేసుకుని "సెనెన్‌లో కొన్నా" అని గొప్పగా చెప్పాడు. సెనెన్ అంటే సోమవారం అని యాప్ చెప్పింది. సోమవారం కొన్నాడా?

జకార్తా_పక్షి
పసార్ సెనెన్ అని బజారు. సోమవారం సంతే, పేరు అలా నిలిచిపోయింది. విదేశాల నుంచి బేళ్లలో వచ్చే పాత బట్టల రాశులు అక్కడ ఉంటాయి. బాండుంగ్‌లో గెదెబాగె. 2015 నుంచి పాత బట్టల దిగుమతి నిషేధం, అయినా వస్తూనే ఉంటాయి. 2023లో ప్రభుత్వం బేళ్లకు బేళ్లు తగలబెట్టింది, దేశంలోని వస్త్ర పరిశ్రమ చచ్చిపోతోందని. పిల్లలు రెండు వైపులా వాదిస్తారు. ఒకడు సెనెన్ జాకెట్ కింద బాండుంగ్ బూట్లు కంపాస్ వేసుకుని "స్వదేశీ" అంటాడు. రెండూ ఒకే మనిషి మీద!

మా అమ్మకి ఫోన్‌లో చెప్పాను, సెకండ్‌హ్యాండ్ కోటు కొన్నానని. రెండు రోజులు మాట్లాడలేదు. ఎవరు చచ్చిపోతే ఇచ్చారో అని.

బట్టల మాట వచ్చింది కాబట్టి 2022 జులై గురించి చెప్పాలి. అప్పట్లో నా ఆఫీసు దుకు అతాస్ దగ్గర. మెట్రో, లోకల్ రైలు, ఎయిర్‌పోర్ట్ రైలు కలిసే చోటు, చుట్టూ అద్దాల మేడలు. ఉన్నట్టుండి సాయంత్రాల్లో పదిహేను, పదహారేళ్ల పిల్లలు కనిపించడం మొదలుపెట్టారు. చితాయమ్, బోజోంగ్ గెదె, దెపోక్ అనే శివారు ఊళ్ల నుంచి, మూడు వేల రుపియాతో మొదలయ్యే లోకల్ రైలు టికెట్ కొనుక్కుని. చాలామంది పేద ఇళ్ల పిల్లలు, కొందరు బడి మానేసినవాళ్లు. ఉన్న నాలుగు చొక్కాల్నే ఒకదాని మీద ఒకటి వేసి, జీబ్రా క్రాసింగ్ మీద మోడల్స్‌లా నడిచేవారు. సిగ్నల్ పడినంతసేపే ర్యాంపు. జనం దాన్ని చితాయమ్ ఫ్యాషన్ వీక్ అన్నారు. ఎస్సీబీడీ, అంటే సుదిర్మన్ సెంట్రల్ బిజినెస్ డిస్ట్రిక్ట్, అనే ఖరీదైన ఆఫీసుల పేట ఉంది కదా, దాని పేరుని ఈ పిల్లల కోసం "సుదిర్మన్ చితాయమ్ బోజోంగ్ గెదె దెపోక్" అని మార్చేశారు.

మొదట్లో మా ఆఫీసువాళ్లు ముక్కు మూసుకున్నారు. రెండు వారాల్లో గవర్నర్లు, సినిమావాళ్లు వచ్చి అదే క్రాసింగ్ మీద నడిచారు. ఒక సెలబ్రిటీ కంపెనీ ఆ పేరుని తన ట్రేడ్‌మార్క్‌గా రిజిస్టర్ చేయించుకోబోయింది. జనం తిట్టిపోస్తే వెనక్కి తీసుకుంది. నెల తిరక్కుండానే ట్రాఫిక్ అని, చెత్త అని పోలీసులు పిల్లల్ని ఖాళీ చేయించారు. ఆ ర్యాంపు మీద నడిచినవాళ్లందరిలో తిరిగి చోటు దొరకనిది ఆ పిల్లలకే. నాకు ఇప్పటికీ ఆ క్రాసింగ్ దాటేటప్పుడు గుర్తొస్తుంది.

బెజవాడ_బాబాయ్
మనసుకి కష్టంగా ఉంది. సరే, ఒకటి అడగొచ్చో లేదో. ముస్లింలు ఎక్కువున్న దేశం కదా, ఆడపిల్లలకి ఇవన్నీ కుదురుతాయా?

మోడరేటర్
బాబాయ్ ప్రశ్న మర్యాదగానే ఉంది, జవాబులూ అలాగే ఉండాలి. మతం మీద గొడవ మొదలైతే చర్చకి తాళం వేస్తాను, ముందే చెబుతున్నా.

జకార్తా_పక్షి
ఒక్క ముక్కలో చెప్పలేను బాబాయ్ గారూ. పశ్చిమ జావాలో గారుత్ అనే ఊరి నుంచి ముగ్గురు అమ్మాయిలు హిజాబ్ వేసుకునే హెవీ మెటల్ వాయిస్తారు. బ్యాండ్ పేరు వాయిస్ ఆఫ్ బాచెప్రోత్. సుండా భాషలో బాచెప్రోత్ అంటే వదరుబోతు. 2024లో ఇంగ్లండులో గ్లాస్టన్‌బరీ సంగీతోత్సవం వేదికెక్కిన తొలి ఇండోనేషియా బృందం వాళ్లదే. అదే పశ్చిమ జావాలో, బాండుంగ్‌లో, స్కేట్‌బోర్డు కుర్రాళ్లు టోపీలు తిప్పి పెట్టుకుని మత ప్రవచనాలకి వేలల్లో వెళ్తారు. భక్తి మార్గంలోకి మళ్లడాన్ని "హిజ్రహ్" అంటారు, మన దగ్గర ఆ చప్పుడున్న మాటకి అర్థం వేరు కాబట్టి జాగ్రత్త. 2015లో "ప్రేమాయణాలు లేని ఇండోనేషియా" అని ఒక ఉద్యమమే మొదలైంది, డేటింగ్ మానేసి నేరుగా పెళ్లి చేసుకోమని. మా టీమ్‌లో ఒకమ్మాయి రెండేళ్ల కిందట హిజాబ్ మొదలుపెట్టింది, ఇంకొకామె అదే ఏడాది తీసేసింది. ఇద్దరూ మధ్యాహ్నం ఒకే బల్ల దగ్గర తింటారు. అందరూ అలా సర్దుకుపోతారని అనను, ఆచె రాష్ట్రంలో షరియా చట్టం ఉంది, అక్కడి కథ వేరు.

వరంగల్_పిల్లాడు
గంభీరమైపోయింది, సారీ, గెంబిరా కావాలి. రన్నింగ్ పిచ్చి గురించి ఎవరన్నా చెప్పుండ్రి. స్ట్రావా జోకి అని ఏదో చదివిన.

జోగ్జా_జ్ఞాపకాలు
నిజమే! ఆదివారం పొద్దున సుదిర్మన్ రోడ్డు మీద బళ్లు ఆపేస్తారు, ఊరంతా పరుగే. పరుగు కంటే బూట్లు, కళ్లజోడు, ఫొటో ముఖ్యమైనవాళ్లని "కాల్చెర్" రన్నర్లు అంటారు, కల్చర్‌ని అలా రాస్తారు, సగం మెచ్చుకోలు, సగం వెక్కిరింత. 2024లో కొందరు కుర్రాళ్లు ఇంకో దారి కనిపెట్టారు. అదే స్ట్రావా జోకి. పరుగు లెక్క రాసే స్ట్రావా యాప్‌లో మీ అకౌంట్‌తో లాగిన్ అయి మీ బదులు పరిగెడతారు, కిలోమీటరుకి ఇంత అని రేటు. చెమట వాడిది, రికార్డు మీది.

వరంగల్_పిల్లాడు
మా కాలేజీల ప్రాక్సీ అటెండెన్స్‌కి సమోసా రేటు ఉండె. వీళ్లు కిలోమీటర్ మీటర్ పెట్టిన్రు, ప్రొఫెషనల్స్.

నైట్‌షిఫ్ట్
అందరూ సరదాలే రాస్తున్నారు. సురబాయా ఆఫీసుతో రోజూ పనిచేస్తాను, రెండో వైపు కూడా రాస్తాను. మన దగ్గర పెళ్లికానివాణ్ని "పప్పన్నం ఎప్పుడు పెడతావు" అంటారు చూడండి, అక్కడ "కపాన్ నికా" అంటారు. రంజాన్ పండక్కి ఊరెళ్లిన ప్రతివాడికీ ఈ ప్రశ్న తప్పదు. కానీ పెళ్లిళ్లు తగ్గిపోతున్నాయి. 2018లో 20 లక్షలు దాటి జరిగితే 2023లో 15.8 లక్షలే. పెళ్లంటే భయం అనే మాట 2024లో అక్కడి టిక్‌టాక్‌లో తెగ తిరిగింది. కారణం డబ్బొక్కటే కాదు, కానీ డబ్బు లేకుండా లేదు. చాలామందికి జీతంలో కొంత అమ్మానాన్నలకి, తమ్ముడి చదువుకి పోతుంది, వాళ్లని వాళ్లు శాండ్‌విచ్ తరం అంటారు. మిగిలినదాని మీద ఆన్‌లైన్ అప్పులు, ఆన్‌లైన్ జూదం కాచుక్కూర్చుంటాయి. వాటికీ ముద్దుపేర్లున్నాయి, "పింజోల్", "జుదోల్". నా సహోద్యోగి ఒకతను ఫోన్ చూసి తుళ్లిపడేవాడు. అప్పు యాప్ వాళ్లు అతని కాంటాక్టులన్నిటికీ మెసేజ్‌లు పంపారు, నాకు కూడా వచ్చింది.

2025 ఫిబ్రవరిలో "కబుర్ అజా దులు" అని హ్యాష్‌ట్యాగ్. ముందు ఇక్కణ్నుంచి పారిపోదాం, మిగతాది తర్వాత చూద్దాం అని. ఆగస్టులో స్వాతంత్ర్యం వచ్చి 80 ఏళ్లు. జాతీయ జెండాతో పాటు వన్ పీస్ అనే జపాన్ కార్టూన్‌లోని దొంగల జెండా కూడా ఎగరేశారు, గడ్డిటోపీ పెట్టుకున్న పుర్రె బొమ్మ. లారీల మీద మొదలై ఇళ్ల మీదికి పాకింది. అధికారులు కోప్పడేసరికి ఇంకా ఎక్కువైంది. నెలాఖరుకి నిజంగానే రోడ్ల మీదికొచ్చారు. ఎంపీలకి ఇంటి అలవెన్సు నెలకి 5 కోట్ల రుపియా అని తెలిసింది. పక్షి గారు చెప్పిన కనీస వేతనంతో భాగించుకోండి. ఆగస్టు 28 రాత్రి పోలీసు కవచ వాహనం ఒక బైక్ ట్యాక్సీ కుర్రాడి మీదుగా వెళ్లింది. అతను చనిపోయాడు. కొద్ది రోజుల్లోనే మా టీమ్ అందరి ప్రొఫైల్ ఫొటోలు గులాబీ, ఆకుపచ్చ రంగుల్లోకి మారిపోయాయి. గులాబీ, పోలీసులకి ఎదురు నిలబడ్డ ఒకావిడ హిజాబ్ రంగు. ఆకుపచ్చ, ఆ బైక్ ట్యాక్సీ కుర్రాళ్ల జాకెట్ రంగు.

ఆ వారం మీటింగుల్లో ఎవరూ హీలింగ్ మాట ఎత్తలేదు.

బెజవాడ_బాబాయ్
కాఫీ గురించి నేనన్న మాట వెనక్కి తీసుకుంటున్నా.

జకార్తా_పక్షి
అయ్యో, అంత అక్కర్లేదు బాబాయ్ గారూ. వాళ్లు మళ్లీ కాఫీ తాగుతూనే ఉన్నారు. జోకులూ ఆపరు. 2022లో మిక్స్యూ ఐస్‌క్రీమ్ కొట్లు ఎక్కడ పడితే అక్కడ వెలిశాయి. అప్పుడు, మిక్స్యూ అంటే ఖాళీ షట్టర్ల చిట్టా రాసుకునే దేవదూత అన్నారు.

కెరటం గారూ, పనికొచ్చే మాటలు రెండు. పెద్దవాళ్లని పేరు పెట్టి పిలవకండి. జావా వాళ్లయితే మగవాళ్లని "మాస్", ఆడవాళ్లని "మ్బా". ఎవరో తెలియకపోతే "కాక్" సరిపోతుంది, మన అన్నా, అక్కా లాగే. ఎడమచేత్తో ఏదీ ఇవ్వకండి. ఏడింటికి రమ్మంటే ఏడున్నరకి ఎవరూ ఉండరు, దాన్ని "జామ్ కారెత్" అంటారు, రబ్బరు గడియారం.

కాకినాడ_కెరటం
అది మాత్రం కాకినాడలో ఎప్పట్నుంచో ఉంది. ఒక్క చివరి ప్రశ్న: నేను శాకాహారిని. బతుకుతానా?

జోగ్జా_జ్ఞాపకాలు
తెంపె (సోయా గింజల్ని పులియబెట్టి చేసే ముక్కలు), తోఫు ఉండగా భయమెందుకు. గాదో గాదో తినండి, ఉడికించిన కూరలకి పల్లీల పచ్చడి. కానీ అడిగి తినండి. సాంబల్‌లో తెరాసి ఉంటుంది, అంటే ఎండు రొయ్యల ముద్ద. "కూరగాయలే" అని నవ్వుతూ పెడతారు, రొయ్యని వాళ్లు మసాలా కింద లెక్కేస్తారు.

కాకినాడ_కెరటం
(ఏడు వారాల తర్వాత)
పాత చర్చని పైకి లాగుతున్నందుకు క్షమించండి. వచ్చి మూడు వారాలైంది. నిన్న శుక్రవారం నోంగ్‌క్రోంగ్‌కి పిలిచారు. పక్షి గారు చెప్పారు కదా అని దేని గురించో అడగలేదు. ఏడింటికన్నారు, ఎనిమిదింటికి వెళ్లాను, అయినా మొదటివాణ్ని నేనే. దక్షిణ జకార్తాలో బ్లోక్ ఎం అనే పేట దగ్గర మెట్లు, పక్కన సైకిల్ కాఫీవాడు. ఒంటిగంట దాకా కూర్చున్నాం. ఏం మాట్లాడుకున్నామో ఇప్పుడు గుర్తు లేదు. సగం అర్థం కాలేదు కూడా. మధ్యలో వాన, అందరం ఒక షట్టర్ కిందికి చేరాం. ఆ హీలింగ్ అమ్మాయి వెళ్లేటప్పుడు "మందులు టైమ్‌కి వేసుకో మాస్" అంది.

వరంగల్_పిల్లాడు
అన్నా ఫొటో పెట్టు. ఆ అమ్మాయిది కాదు, సైకిల్‌ది.

మోడరేటర్
😀